చిక్కుడుకు మీసాలు

మా మిద్దె మీది కాకర తీగ మొదటిసారి నన్ను పట్టుకున్నది ఒక ఆగస్టు మధ్యాహ్నం. బట్టలారేసే వైరు పక్కన నిలబడి టీ తాగుతున్నాను. ముంజేతి మీద చీమ పాకినట్టయి చూసుకున్నాను. చీమ కాదు, కాకర మీసం. తీగ కణుపుల దగ్గర మొలిచి, దేన్నైనా చుట్టుకుని తీగను పైకి లాగే సన్నటి దారాన్ని మా ఇంట్లో మీసమనే అంటాం. దాని కొస నా వాచీ పట్టీకి తగిలి కొక్కెంలా వంగి ఉంది. చేయి వెనక్కి తీయబుద్ధి కాలేదు. ఎడమ చేతిని గాలిలో అలాగే నిలిపి, కుడి చేత్తో టీ తాగుతూ చూశాను. గ్లాసు ఖాళీ అయ్యేసరికి ఆ కొస పట్టీ అంచు మీదుగా సగం చుట్టు తిరిగింది.

"ఏమయ్యా, గట్ల బొమ్మ లెక్క నిలవడ్డవేంది?" అంది మా ఆవిడ, తడిబట్టల బకెట్‌తో పైకొచ్చి.

"తీగ పట్టుకున్నది."

"ఇడిపిచ్చుకో మరి. కింద పంపు మోటరు వట్టుకొని మనిషి నిలవడ్డడు."

విడిపించుకుని దిగాను. కానీ ఆ రోజంతా మణికట్టు మీద అది అక్కడే ఉన్నట్టనిపించింది.

శాలిబండ రోడ్డు నుంచి లోపలికి మూడో గల్లీలో మా ఇల్లు. ముందు గదే నా షాపు. కాలిపోయిన ఫ్యాన్లు, కూలర్లు, నీళ్ల పంపులు విప్పి, మాడిన రాగి తీగ లాగేసి కొత్తది చుడతాను. వైండింగ్ అంటారు ఈ పనిని. ముప్పై ఏళ్లుగా నా వేళ్లకు తెలిసింది తీగ చుట్టడం, చుట్లు లెక్కపెట్టడం. ఒక కాయిల్ సీదా, అంటే కుడి దిక్కుకు, చుడితే పక్కది ఉల్టా, ఎడమ దిక్కుకు, చుట్టాలి. తప్పితే ఫ్యాను వెనక్కి తిరుగుతుంది. అలాంటి ఫ్యానును ఒకసారి పత్తర్‌గట్టి బట్టల దుకాణం ఆయన భుజాన వేసుకొచ్చి, "భాయ్, హవా గాహక్‌కు నై, దీవార్‌కు జారీ" అన్నాడు. గాలి గిరాకీలకు కాకుండా గోడకు పోతోందట. గల్లీ అంతా నవ్వింది. ఆ తర్వాత సీదా ఉల్టాల దగ్గర నేను ఎప్పుడూ పొరబడలేదు.

పదో తరగతి దగ్గర ఆగిన నా చదువు మా బస్తీ లైబ్రరీలో మళ్లీ మొదలైంది. రెండు గదులు, ఒక వరండా, వరండాలో పేపర్ల బల్ల. అక్కడ తెలుగులో ఉన్న సైన్సు పుస్తకాలన్నీ బీరువా పై అర నుంచి కింది అర దాకా వరసగా చదివాను. చదివానని చెప్పుకోవడం నాకిష్టం. ఇప్పటికీ చెప్పుకుంటాను. కాకర పట్టుకున్న రోజు సాయంత్రం కూడా నేరుగా అక్కడికే వెళ్లి వెతికాను. మీసాన్ని పుస్తకాల్లో నులితీగ అంటారు. ఆ మాట దొరికినందుకు ఇంటికొచ్చి మా ఆవిడ ముందు మూడుసార్లు అన్నాను.

"నులితీగ అంటే కాకరకాయ చేదు తగ్గుతదా?" అందామె.

లైబ్రరీలో నా ఎదురు కుర్చీ సార్‌ది. పన్నెండేళ్లుగా అలాగే కూర్చుంటున్నాం. ఒక ప్రభుత్వ రంగ ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఇల్లు సైదాబాద్ వైపు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, ఒక పెన్సిలు. నాకు ఇంగ్లీషు బోర్డుల వరకూ, మోటార్ల మీది రేకుల వరకూ వచ్చు. వాక్యం రెండో వరసలోకి దిగిందంటే దారి తప్పుతాను. ఆయన మాత్రం ఇంగ్లీషు పుస్తకాన్ని పేపరు చదివినట్టు చదువుతారు. అందుకే ఆయన నాకు సార్. నేను ఆయనకు తమ్మీ.

కాకర సంగతి చెప్పగానే సార్ లేచి, అద్దాల బీరువాలో నుంచి ఒక లావుపాటి ఇంగ్లీషు పుస్తకం తీశారు. మొక్కల గురించి. వెన్ను ఊడిపోయి, పేజీలు పసుపు తిరిగి ఉంది. ఇంటికివ్వరు, అక్కడే చదవాలి. పాకే మొక్కల అధ్యాయం తీసి ఆ రోజు ఒక పేజీ చదివి నాకు తెలుగులో చెప్పారు. మర్నాడు ఇంకో పేజీ. అలా రోజుకొకటి.

అవి నా జీవితంలో మంచి రోజులు. ఆ సంగతి ఇప్పుడు కూడా కాదనలేను. సాయంత్రం విన్నది పొద్దున మిద్దె మీద పరీక్షించేవాణ్ని. కూలర్ల కాలం అయిపోయాక షాపులో పని పల్చబడుతుంది కాబట్టి ఎప్పుడంటే అప్పుడు పైకి వెళ్లేవాణ్ని. నులితీగ కొస ఊరికే వేలాడదు, గాలిలో గుండ్రంగా తిరుగుతూ ఆధారం వెతుకుతుందని పుస్తకం చెప్పింది. గోడ మీద సుద్దతో గీతలు గీసి చూశాను. నిజమే. పొద్దున ట్యాంకు వైపు ఉన్న కొస గంట తర్వాత మెట్ల వైపు ఉంది. వాన చినుకు పడితే దానికి మోసపోదట. గ్లాసుతో నీళ్లు చిలకరించాను, కదల్లేదు. ఉన్ని పోగు ఒకటి మోపాను, వంగింది. అగ్గిపుల్లతో మెల్లగా రాసి పుల్ల తీసేశాను. ముందు కొక్కెంలా వంగింది. చుట్టుకోవడానికి ఏమీ దొరక్క సాయంత్రానికి మళ్లీ తిన్నగా సాగింది. దాన్ని ఏమార్చినందుకు మనసులో చిన్న సిగ్గు.

"నవంబర్‌ల లైబ్రరీ వారం ఉంటది గద," అన్నారు సార్ ఒక రోజు. "పాఠకులు మాట్లాడొచ్చు. మనిద్దరం రాసుకొని చదువుదాం తమ్మీ. నీది కాకర. నాది చిక్కుడు. మా బాల్కనీల డ్రమ్ముల పెట్టిన, మస్తుగ పాకుతున్నది."

ఆ రాత ఎందుకంత గొప్పగా తోచిందంటే, జీవితమంతా ఒకరు రాసింది చదివినవాణ్ని. మొదటిసారి నేను చూసింది నేను రాయబోతున్నాను. రెండు వందల పేజీల నోటు పుస్తకం కొని, ప్రతి పేజీలో స్కేలు పెట్టి నిలువుగా రెండు గడులు గీశాను. ఎడమ గడి నాది, కుడి గడి సార్‌ది. సాయంత్రం సార్ తన చిక్కుడు సమయాలు చదివేవారు, నేను ఆయన గడిలో ఎక్కించేవాణ్ని. చిక్కుడు నులితీగ కొస తిరగడం, వంగడం, చుట్టుకోవడం. నేను బస్తీలో పుట్టి బస్తీలో పెరిగినవాణ్ని. చిక్కుడును బజారులో కాయగా చూడటమే తప్ప తీగగా చూడలేదు.

తేడా రెండో వారంలోనే వచ్చింది. అగ్గిపుల్ల తాకించాక వంపు కంటికి కనపడటానికి ఎంతసేపు పట్టిందో ఇద్దరం రాశాం. నాది నాలుగు నిమిషాలు. సార్‌ది ఇరవై.

"నాలుగా?" సార్ కళ్లజోడు తీశారు. "వాచీ ఎవరిది తమ్మీ?"

"నాదే సార్."

"గదే మరి. మోటర్ల నడుమ కూసుంటవ్. అయస్కాంతాలకు వాచీ ఖరాబ్ గాదా?"

మర్నాడు మా ఆవిడ ఫోను పక్కన పెట్టుకుని చూశాను. నాలుగుంబావు.

"అయితే నువ్వు గట్టిగ రుద్దుతున్నవ్. నీది వైండింగ్ చెయ్యి, బరువు చెయ్యి. నులితీగలన్నిటికి ఒకటే రూల్ ఉంటది, గింత తేడా ఉండది."

ఊపిరి బిగబట్టి, పుల్ల తగిలిందో లేదో అన్నట్టు తాకించాను. ఆరు నిమిషాలు. సార్ దాన్నీ ఒప్పుకోలేదు. "పది మంది ముందర చదివేది తమ్మీ. నవ్వుతరు. నిన్నే గాదు, నన్ను గూడ నవ్వుతరు."

ఆ చివరి మాటకు లొంగిపోయాను. రబ్బరు తీసి నాలుగును చెరిపి పద్దెనిమిది వేశాను. సార్ తల ఊపారు. అక్కడి నుంచి తేడా వచ్చినప్పుడల్లా నా గడే మారింది. నా చేయి పట్టుకుని ఎవరూ చెరిపించలేదు. నేనే చెరిపాను. ఆయన ఇంగ్లీషు చదివినవారు కాబట్టి ఆయన కన్ను నా కన్ను కంటే మంచిదనుకున్నాను.

సెప్టెంబరు చివర్లో నాకు ఇంకొకటి కనిపించింది. నులితీగ కొస వైరును పట్టుకున్న మర్నాడు, కొసకూ కాడకూ మధ్యనున్న భాగం తనంతట తానే స్ప్రింగులా చుట్టుకుంటుంది. అలా తీగను వైరు దగ్గరకు లాక్కుంటుంది. సన్నటి కాయిల్స్ చూడటానికి షాపులో వాడే భూతద్దం పైకి తీసుకెళ్లాను. కాడ దగ్గర్నుంచి చుట్లు సీదాగా వస్తున్నాయి. మధ్యలో ఒక చిన్న ముక్క చుట్టు లేకుండా తిన్నగా ఉంది. అక్కడి నుంచి వైరు దాకా చుట్లన్నీ ఉల్టా. లెక్కపెట్టాను. ఇటు తొమ్మిది, అటు తొమ్మిది. పక్కదానికి ఇటు పన్నెండు, అటు పదకొండు. మిద్దె మీద వైరును పట్టుకున్న ప్రతిదీ అంతే.

కిందికి పరుగెత్తి, మెత్తటి వైరు ముక్క రెండు కొసలూ రెండు మేకులకు కట్టి, మధ్యలో వేలు పెట్టి తిప్పాను. వేలికి ఒక పక్క సీదా మెలిక పడితే రెండో పక్క ఉల్టా మెలిక పడింది. రెండు కొసలూ బందీగా ఉన్నప్పుడు మొత్తం ఒకే దిక్కుకు చుట్టుకోవడం కుదరదు. ఇళ్లలోని పాత ఫోన్ల రిసీవరు వైరులో కూడా మధ్యలో ఇలాంటి ఉల్టా ఒకటి వచ్చి విసిగించేది, గుర్తుందా? అదే ఇది. మొక్క కూడా సీదా ఉల్టా చుడుతోంది! ఏ పుస్తకమూ చెప్పకముందు, నా పని నేర్పిన చూపుతో నేను కనుక్కున్నాను. ఆ సాయంత్రం లైబ్రరీ తలుపులు తీయకముందే వరండాలో కూర్చున్నాను.

సార్ మొత్తం విన్నారు. చేతిలోని పుస్తకం వైపు ఒకసారి చూసి, మూసి, దాని మీద అరచెయ్యి పెట్టారు.

"లేదు తమ్మీ. గట్ల ఉండది. మొక్క ఒక దిక్కు తిరిగితే గా దిక్కే తిరుగుతది. మోటర్లు చూసి చూసి నీకు ఏడ జూసినా సీదా ఉల్టానే కనవడ్తున్నది."

"మీ చిక్కుడుకు ఒక్కపారి చూడున్రి సార్."

మర్నాడు వచ్చి కూర్చుంటూనే చెప్పారు. "చూసిన. మొత్తం ఒకటే దిక్కు."

ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టేశాను.

అక్టోబరులో సార్ సలహా మీద అంతా శుభ్రంగా ఇంకో పుస్తకంలోకి ఎక్కించాను. పాతది దాచుకోవద్దన్నారు. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఎవరూ నమ్మరన్నారు. వైండింగ్ అయ్యాక కాయిల్‌కు వార్నిష్ పూస్తాం, ఆ బ్రష్ తుడుచుకోవడానికి కాగితాలు కావాలి. రోజుకు రెండు మూడు పేజీల చొప్పున నా మొదటి పుస్తకం బ్రష్‌లు తుడవడానికే అయిపోయింది. ఉల్టా చుట్ల పేజీతో ఏ మోటారు రోజున తుడిచానో కూడా గుర్తులేదు.

లైబ్రరీ వారం చివరి రోజు సాయంత్రం పాతిక కుర్చీలు వేస్తే పదిహేను మంది వచ్చారు. మా ఆవిడ కూడా వచ్చి వెనక కూర్చుంది. ముందు సార్ చదివారు. చిక్కుడు నులితీగ కొస ఎలా తిరుగుతుందో, తాకితే ఎంతసేపటికి వంగుతుందో గంభీరంగా చదువుతుంటే, టీ పళ్లెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డ అక్క నోరు తెరిచింది. లైబ్రరీ ఊడ్చి, తలుపులు తీసి, నీళ్లు నింపే ఆమె.

"చిక్కుడుకు మీసాలు ఏడియి సార్?"

ముందు వరసలో ఎవరో నవ్వారు.

"ఇది వేరే రకం," అన్నారు సార్.

"ఏ రకం సార్? పుట్టినకాన్నుంచి పెడ్తున్న, నేనైతే చూడలే. జర రెండు గింజలియ్యిన్రి, నేను గూడ పెట్టి మీసాలు దువ్వుకుంట."

అందరూ నవ్వారు. సార్ చెవులు ఎర్రబడ్డాయి. అది చూడలేక నేను లేచాను.

"మీసాలు గాదక్కా, నులితీగలు అనాలె. పుస్తకంల ఉన్నది. చదివినోళ్లు చెప్తున్నప్పుడు నడుమల మాట్లాడొద్దు."

అక్క పళ్లెం కిటికీ మీద పెట్టింది. "మంచిదన్నా. నాకు చదువు రాదు గద," అని వరండాలోకి వెళ్లిపోయింది. టీ ఎవరూ పంచలేదు.

తర్వాత నేను చదివాను. పద్దెనిమిది నిమిషాలు, ఇరవై నిమిషాలు, మొత్తం ఒకటే దిక్కు. గొంతు బాగానే పలికింది. చప్పట్లు కొట్టారు. సార్ నా భుజం మీద చెయ్యేసి, "చిక్కుడు, కాకర ఒకటే మాట చెప్పినయి. గిదే రుజువు," అన్నారు అందరితో.

ఇంటికి నడుస్తున్నప్పుడు మా ఆవిడ అడిగింది. "నాలుగు నిమిషాలంటివి గద నాతోని? పద్దెనిమిది ఎప్పుడయ్యింది?"

"గది సరిచేసినం."

"నా ఫోన్లనే గద చూసినవ్."

"సార్ చెప్పిండు."

"తీగ సార్ ఇంట్ల ఉన్నదా, మన ఇంట్ల ఉన్నదా?"

మర్నాడు పొద్దున సంచి పట్టుకుని మాదన్నపేట మార్కెట్‌కు వెళ్లాను. కూరగాయలకని చెప్పాను గానీ, మార్కెట్ వెనక గల్లీలో లైబ్రరీ అక్క ఇల్లుందని నాకు తెలుసు. ఆమె చిక్కుడుకు ఒక్క నులితీగైనా చూపించి వద్దామనే బయల్దేరాను. ఉన్న మాట చెప్పాలంటే అంతే.

ఆమె గుమ్మం పక్కన పగిలిన సిమెంటు తొట్టి. అందులోంచి చిక్కుడు లేచి, కేబుల్ టీవీ వైరును పట్టుకుని రేకుల మీదికి పాకింది. ఊదారంగు పూలు.

"రా అన్నా," అంది అక్క, నన్ను చూసి ఆశ్చర్యపోకుండా. "ఎతుకు. ఒక్క మీసం దొరికినా నా ముక్కు కోసిస్త."

వెతికాను. కింద కణుపు నుంచి పైన చిగురు దాకా ప్రతి ఆకు మొదలూ ఎత్తి చూశాను. ఏ కణుపు దగ్గరా ఏ దారమూ లేదు. చిక్కుడుకు పట్టుకునే చెయ్యి అంటూ వేరే లేదు. కాండమే, ఒళ్లంతా, వైరు చుట్టూ మెలికలు తిరిగి ఎక్కుతోంది. చంటిపిల్ల కూడా చూసి చెప్పగల సంగతి. దానికి నులితీగలుంటాయని మూడు నెలలు నా చేత్తో రాశాను.

"వేరే రకానికి ఉంటయేమో," అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు.

"పుస్తకంల ఉన్నదంటివి గద. గా పుస్తకమే చూడు పో," అంది.

ఆ సాయంత్రం అందరికంటే ముందు వెళ్లాను. తలుపు తీసింది అక్కే. నేను అద్దాల బీరువా వైపు నడిస్తే తాళం చెవి చేతిలో పెట్టింది. లావు పుస్తకాన్ని బల్ల మీద పెట్టి, పక్కన నిఘంటువు పెట్టుకున్నాను. పన్నెండేళ్లలో ఆ బీరువాలోని పుస్తకాన్ని నేనొక్కణ్నే తెరవడం అదే మొదటిసారి.

నిఘంటువు అవసరం తర్వాత వచ్చింది. ముందు కనపడినవి అంకెలు. అంకెలకు తెలుగూ ఇంగ్లీషూ లేదు. ఇరవై. ఆ పైన ఎనభై ఆరు. కింద పద్నాలుగు. సార్ గడిలో నేను నా చేత్తో ఎక్కించిన అంకెలు అదే వరసలో అచ్చయి ఉన్నాయి. ఒక్కో అంకె పక్కన పెన్సిలుతో చిన్న చుక్క. ఆ వాక్యాల్లో మళ్లీ మళ్లీ వస్తున్న మొక్క పేరు మూడక్షరాలు. నిఘంటువు తీశాను. బఠాణీ. చలిదేశంలో, ఎవరి తోటలోనో, ఏనాటిదో బఠాణీ తీగ. దాన్ని సార్ చిక్కుడు చేశారు. మా మిద్దె మీద, మా ఎండలో, నాలుగు నిమిషాల్లో వంగిన నా కాకరను ఆ బఠాణీ వెనక నడిపించాను.

పేజీలు తిప్పాను. సార్ నాకు చదివి చెప్పిన చోటు దాటి రెండు పేజీల తర్వాత ఒక బొమ్మ ఉంది. అక్క చీపురు పట్టుకునే వచ్చి నా భుజం మీదుగా చూసింది.

"గిది మీసమే," అంది. "గీ దిక్కు గిట్ల చుట్టుకున్నది, గా దిక్కు ఉల్టా చుట్టుకున్నది. నడుమల జర ఖాళీ."

అక్షరం రాని మనిషి ఆ బొమ్మను చదివింది. దాని పక్కన కూడా పెన్సిలు చుక్క ఉంది.

నేను లేచి, నిన్న అన్న మాటకు క్షమించమన్నాను.

"గిది పుస్తకంల లేకుంటే నా మాట నమ్మకపోదువు గద," అంది అక్క. కోపంగా అనలేదు. అని, ఊడ్చుకుంటూ వెళ్లిపోయింది. ఆమె అన్నది నిజం.

సార్ ఆరింటికి వచ్చారు. ఆ పొద్దున మార్కెట్ నుంచి వచ్చాక నేను మిద్దె మీద బట్టల వైరుకు మిగిలిన ఒక ఎండు నులితీగను వైరుతో సహా కత్తిరించి జేబులో పెట్టుకున్నాను. గోధుమరంగు తిరిగి పుల్లలా గట్టిపడింది. దాన్ని తెరిచి ఉన్న పుస్తకం మీద, ఆ బొమ్మ పక్కనే పెట్టాను.

సార్ కూర్చోలేదు. వంగి చూశారు. తర్వాత ఆయన అడిగిన మొదటి మాట ఇదీ: "ఇంగ్లీష్ ఎవరు చదివి పెట్టిన్రు నీకు?"

చిక్కుడు లేదని తెలిసినప్పటి కంటే ఆ మాటకు ఎక్కువ నొచ్చుకున్నాను.

"బొమ్మకు ఇంగ్లీష్ అక్కర లేదు సార్. మీ చిక్కుడు ఏడున్నది?"

కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "మూడో అంతస్తు తమ్మీ. బాల్కనీ మొత్తం గ్రిల్లు. ఉన్న జాగల బట్టల మెషిన్ పెట్టిన్రు. డ్రమ్ము ఏడ పెడ్త?"

"లేదని చెప్తే అయిపోతుండె గద."

"రోజు పైకెక్కి ఏదో ఒకటి చూసొస్తుంటివి. ఉరుక్కుంట వచ్చి చెప్తుంటివి. నా దగ్గర పుస్తకం తప్ప ఏమున్నది?"

ఆ మాట అర్థం కాకపోలేదు. కానీ నాకు కావాల్సింది వేరే. ఎండు మీసం మీద వేలు పెట్టాను. "గిది చదివిన్రా మీరు? నేను చెప్పకముందే?"

"చదివిన."

"మరి లేదంటిరి."

కళ్లజోడు తుడుచుకున్నారు. "గది నేను చదివి చెప్పాల్సింది తమ్మీ. నువ్వు ముందే చూసొస్తివి." నవ్వడానికి ప్రయత్నించి, "పోనీ తియ్యి, తీగలు, మీసాలు. ఎవరికేం నష్టమైంది?" అన్నారు.

వార్నిష్ బ్రష్‌లు తుడిచిన కాగితాలు గుర్తొచ్చాయి. వాటి మీద నేను రబ్బరుతో చెరిపిన ఆ నాలుగు నిమిషాలు, నాలుగుంబావు, ఆరు. ఆగస్టు ఎండలో, మబ్బు పట్టిన రోజున, వాన వెలిసిన వెంటనే అని విడివిడిగా రాసుకున్నవి. ఆ తీగ ఎండిపోయింది. ఆ రోజులను మళ్లీ కొలవడం కుదరదు. ఈ సంగతి సార్‌కు చెప్పాలనుకుని చెప్పలేదు. చెబితే దానికి కూడా ఏదో సర్దుబాటు చెప్పేవారు. ఎండు మీసాన్ని తీసి జేబులో పెట్టుకుని, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

ఆయన ఇప్పటికీ వస్తారు. వరండాలో పేపర్ల బల్ల దగ్గర కూర్చుంటారు. నేను లోపల కూర్చుంటాను. ఎదురుపడితే నమస్తే పెడతాను, ఆయన "బాగున్నవా తమ్మీ" అంటారు. ఒకసారి వాళ్ల మిక్సీ కాలిపోతే నా దగ్గరికే తెచ్చారు, చుట్టి ఇచ్చాను. పుస్తకం మాట ఇద్దరమూ ఎత్తలేదు. అగ్గిపుల్లకు వంగిన నులితీగ సాయంత్రానికి తిన్నగా సాగడం నేను ఎన్నోసార్లు చూశాను. కానీ వైరును పట్టుకుని, చుట్టుకుని, గట్టిపడ్డదాన్ని నానబెట్టి చూసినా సాగలేదు. మళ్లీ తిన్నగా చేయబోతే విరుగుతుంది, అంతే.

ఈ జూన్‌లో మళ్లీ కాకర గింజలు పెట్టాను. మా ఆవిడ తొట్టి పక్కన ఇటుక పేర్చి, "ఈ పారి ఎవ్వరికి చెప్పకు," అంది. జులై నాటికి మొదటి మీసం వైరు వైపు చెయ్యి చాచింది. కొత్త నోటు పుస్తకం కొన్నాను. పెన్సిలుతో కాదు, పెన్నుతో రాయాలనుకున్నాను. అగ్గిపుల్లతో కొసను మెల్లగా తాకి, ఫోను చూసుకుంటూ నిలబడ్డాను. ఐదో నిమిషం నిండకముందే వంగింది. తేదీ వేసి, ఎండ అని రాసి, నిమిషాలు రాశాను.

రాశాక చూసుకుంటే, అలవాటు కొద్దీ పేజీకి రెండు గడులు గీసి పెట్టుకున్నాను. కుడి గడి ఖాళీగా ఉంది. పేజీ తిప్పాను. తర్వాతి పేజీలో కూడా గీత ఉంది. ముందు రోజు సాయంత్రం స్కేలు పెట్టి, లైబ్రరీలో కూర్చుని, పుస్తకం మొత్తానికీ గీసేశాను.